చప్పుడు చేయని కాపలా

కొత్త పెట్టె నిన్న సాయంత్రం వచ్చింది. అరచేతి కన్నా కాస్త పెద్దది, నల్లటి అల్యూమినియం ఒళ్లు, పైన దువ్వెన పళ్లలా వరుసగా గాట్లు. ప్లగ్గు పెట్టి, పచ్చ దీపం వెలిగాక, అలవాటు కొద్దీ దాని మీద చెయ్యి వేసి కళ్లు మూసుకున్నాను. మొదట చల్లగా ఉంది, కాసేపటికి గోరువెచ్చగా అయింది. చప్పుడు మాత్రం లేదు. కిటికీ బయట కాకటూ పిట్టలు గొడవ పడుతున్నాయి, దూరంగా రైలు మోత సన్నగా వినిపిస్తోంది, పెట్టె మాత్రం అక్కడ లేనట్టే ఉంది. ఆ వెచ్చదనం చేతికి తగులుతున్న కొద్దీ నేను మా ఇంట్లో లేకుండా పోయాను. మేముండే ఈ గిరావీన్‌ పేటలోనే, రెండు వీధుల అవతల, కిటికీ బ్లైండ్లు సగం దించిన ఒక ముందుగదిలోకి వెళ్లిపోయాను. అక్కడ మస్తాన్ అంకుల్ వంగి నిలబడి, ఒక స్క్రూడ్రైవర్ పిడిని చెవికి ఆనించుకుని, కళ్లు మూసుకుని వింటున్నారు.

ఆయనది తెనాలి. ఇక్కడి ఒక ఆసుపత్రిలో పాతికేళ్లకు పైగా యంత్రాలు బాగుచేసి రిటైరయ్యారు. నేను ఆయన్ను కలిసేనాటికి డెబ్బై దగ్గర పడుతున్నాయి. పొట్టి మనిషి, తెల్లటి గడ్డం, చొక్కా జేబులో ఎప్పుడూ ఆ చెక్కపిడి స్క్రూడ్రైవర్. ఏ యంత్రం దగ్గరికి వెళ్లినా దాని కొనను యంత్రానికి, పిడిని చెవికి ఆనించి వినేవారు. లోపల ఏ బేరింగ్ అరిగిందో, ఏ మర వదులైందో ఆ చెక్కపిడి చెబుతుందట. మా వాషింగ్ మెషిన్‌ని అలా పరీక్షించి, "ఇంకో ఆర్నెల్లు మోస్తది అమ్మాయ్, ఆ తర్వాత దాని ఇష్టం" అన్నారు. సరిగ్గా ఏడో నెలలో పోయింది. నేను అప్పుడు పారమట్టాలో ఒక కంపెనీ నెట్‌వర్క్ విభాగంలో కొత్తగా చేరాను. తెలిసింది కొంత, తెలుసుననుకున్నది కొండంత. అలాంటి దాన్ని పిలిచి ఆయన ఒక పని అప్పగించారు.

పని ఎందుకొచ్చిందంటే, జైనబ్ ఆంటీ వల్ల. ఆంటీ ఆయన భార్య. మతిమరుపు జబ్బు అప్పటికి మొదలై రెండేళ్లయింది. స్టవ్ దగ్గరికి వెళ్లనివ్వటం మానేశారు, ఒంటరిగా నడకకు పంపటం మానేశారు. మిగిలింది ఒక టాబ్లెట్. రోజూ మధ్యాహ్నం మూడింటికి, తెనాలిలో పొద్దున తొమ్మిదిన్నరకి, దాంట్లో వాళ్ల పెద్దక్కతో మాట్లాడేవారు. ఆపా, ఆపా అంటూ గంటసేపు. ఆ గంటలో ఆవిడకు అన్నీ గుర్తుండేవి. ఒక శుక్రవారం అంకుల్ జుమ్మా నమాజుకు వెళ్లినప్పుడు ఆ టాబ్లెట్‌లో సైరన్ మోగింది. మీ పరికరానికి వైరస్ సోకింది, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చెయ్యండి అని ఎర్రటి అక్షరాలు. ఆంటీ చేశారు. అవతలి వాడు ఎవడో ఆవిడను గంటన్నర పాటు భయపెట్టి, పేరూ ఊరూ అన్నీ చెప్పించుకుంటూ కూర్చోబెట్టాడు. అంకుల్ వచ్చి ఫోన్ లాక్కునేసరికి ఆవిడ ఏడుస్తూ, తనే ఏదో నేరం చేసినట్టు క్షమాపణ అడుగుతున్నారట. మెల్‌బోర్న్‌లో ఉన్న కూతురు సమీనా ఆ సాయంత్రమే స్పీకర్ ఫోన్‌లో తేల్చి చెప్పింది. "డాడీ, వన్ మోర్ టైమ్ ఇలా జరిగితే ఐ యామ్ టేకింగ్ దట్ టాబ్లెట్. సీరియస్లీ." అది కోపం కాదు, భయం. నాకు తెలుసు, ఆ సమయంలో నేనక్కడే ఉన్నాను.

ఫోన్ పెట్టేశాక అంకుల్ టాబ్లెట్‌ను బోర్లించి బల్ల మీద పెట్టారు. తరువాత నా వైపు తిరిగి, "ఇంట్లోకొచ్చే ఇంటర్నెట్టుకి గుమ్మం దగ్గరే ఒక కాపలా పెట్టచ్చంటగా, నిజమేనా?" అని అడిగారు. నిజమే. వైరు గోడలోంచి ఇంట్లోకి వచ్చేచోట ఒక చిన్న కంప్యూటర్ పెట్టి, వచ్చేదీ పోయేదీ అంతా దాని గుండా నడిపితే, మోసపు సైట్ల జాబితా చూసుకుని అది వాటిని గుమ్మంలోనే ఆపేస్తుంది. దాన్నే ఫైర్‌వాల్ అంటారు. "అదెంత పని అంకుల్, ఆదివారం పెట్టేస్తా" అన్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆదివారం మా ఆఫీసులో పారేయబోతున్న ఒక పెద్ద డెస్క్‌టాప్ అడిగి తెచ్చుకుని, కారు డిక్కీలో వేసుకెళ్లాను. వైరు వచ్చేది ముందుగదిలోకే. అక్కడే కిటికీ పక్కన ఆంటీ కుర్చీ. కుర్చీ పక్కన చెక్క అలమర. డెస్క్‌టాప్‌ను అలమరలోకి ఇరికించి, రెండు గంటల్లో అంతా అమర్చి, మోసపు సైటు ఒకటి తెరిచి చూపించాను. తెరుచుకోలేదు. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. అప్పుడు ఆంటీ కుర్చీలోంచి లేచారు.

"మోటారు ఆపలేదు. ట్యాంకు పొర్లిపోతంది, చూడండి."

డెస్క్‌టాప్‌లో ఫ్యాను తిరుగుతోంది. హూఁ అని సన్నటి హోరు. ఆవిడ చెవికి అది తెనాలి ఇంట్లో నీళ్ల మోటారు. నేను "అది కంప్యూటర్ ఆంటీ" అనబోతుంటే అంకుల్ కళ్లతో ఆపారు. పెరట్లోకి వెళ్లి, ఒక నిమిషం ఆగి, తిరిగొచ్చి, "ఆపేశా" అన్నారు. ఆవిడ కూర్చున్నారు. పది నిమిషాలకి మళ్లీ లేచారు. "మోటారు..." ఆయన మళ్లీ పెరట్లోకి వెళ్లారు. ఆ మధ్యాహ్నం నేను లెక్కపెట్టటం మానేసేదాకా అలా వెళ్లి వస్తూనే ఉన్నారు, ఒక్కసారి కూడా విసుక్కోలేదు. చివరికి నాతో అన్నారు. "దీన్ని ఆపెయ్ అమ్మాయ్. కాపలా బానే కాస్తంది. కానీ ఈమెకు కూర్చునే వీలు లేకుండా చేస్తంది. ఆసుపత్రిలో రోగి పక్కన పెట్టే మిషన్‌కి మేం ముందు చూసేది ఒకటే, నోరు మూసుకుని ఉంటదా లేదా అని. పని చెయ్యటం ఆ తర్వాత."

అలా మొదలైంది మా వెతుకులాట. ఆరేడు వారాలు సాగింది. శనివారం సాయంత్రాలు వాళ్ల పెరటి వరండాలో, అల్లం టీ కప్పులు పక్కన పెట్టుకుని, నా ల్యాప్‌టాప్‌లో రకరకాల చిన్న కంప్యూటర్ల బొమ్మలు చూసేవాళ్లం. తెర మీద ఒక్కొక్క పెట్టె వచ్చి పోతుంటే, కంచె అవతల యూకలిప్టస్ ఆకుల మీద ఎండ ఎర్రబడుతుంటే, పెళ్లి సంబంధాల ఫోటోలు చూస్తున్నట్టుండేది. నాకు బలమైనవి నచ్చేవి. ఆరు పోర్టులున్న ఒకదాన్ని చూసి మురిసిపోయాను.

"ఇంట్లోకి ఎన్ని వైర్లు వస్తాయి?" అన్నారు అంకుల్.

"ఒకటి."

"ఇంట్లోపలికి ఎన్ని పోవాల?"

"ఒకటి. వైఫై పెట్టెకి."

"మరి ఆ మిగతా నాలుగూ చుట్టాలకా?"

ఆయన అడిగే తీరే అంత. ప్రతి వస్తువునూ ఎందుకు అని అడిగేవారు. ఫ్యాను ఎందుకు? వేడి పోవటానికి. వేడి ఎందుకు? ఎక్కువ కరెంటు తాగటం వల్ల. ఎక్కువ తాగటం ఎందుకు? ఒక ముసలావిడ వీడియో కాల్‌నీ, ఇద్దరి వార్తల వీడియోలనీ కాపలా కాయటానికి అంత బలం అక్కర్లేదు. బలం తగ్గించుకుంటే వేడి తగ్గుతుంది. వేడి తగ్గితే ఫ్యాను పోతుంది. తిరిగే డిస్కు బదులు కదలని మెమరీ పెడితే ఆ కీచుమనే చప్పుడూ పోతుంది. పెట్టె ఒళ్లే వేడిని మెల్లగా గాలిలోకి వదిలేస్తుంది, గాట్లు అందుకే. ఒక్కొక్కటీ తీసేస్తూ పోతే చివరికి చేతిలో ఇమిడేది మిగిలింది. నేనప్పటిదాకా మంచి యంత్రం అంటే ఎక్కువ ఉన్నదని అనుకునేదాన్ని. ఆ వరండాలో, టీ చల్లారిపోతుండగా, ఆ లెక్క నాలో నెమ్మదిగా మారింది.

పెట్టె వచ్చిన రోజు దాన్ని అలమరలో పెట్టి, ఆంటీ కుర్చీలో ఉండగానే ఆన్ చేశాం. అంకుల్ స్క్రూడ్రైవర్ ఆనించి విన్నారు. చాలాసేపు విన్నారు. కళ్లు తెరిచి, "ఏమీ లేదు" అన్నారు, ఎంతో మంచి వార్త చెబుతున్నట్టు. ఆంటీ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. లేవలేదు. మూడయింది. టాబ్లెట్ మోగింది. "ఆపా!" అన్నారు ఆవిడ. మేమిద్దరం చప్పుడు చేయకుండా వంటింట్లోకి తప్పుకున్నాం.

ఇక్కడితో కథ సుఖాంతం అయిందనుకున్నాను. ఆ ఇంటిని సరిగ్గా చూడకపోవటం నా తప్పు. ఆ ఇంట్లో గుడ్డ కప్పని వస్తువు లేదు. ఫ్రిజ్ మీద, మిక్సీ మీద, ప్రింటర్ మీద, కుట్టుమిషన్ మీద, అన్నిటికీ ఆంటీ చేత్తో అల్లిన క్రోషా కవర్లు. టీవీ రిమోట్‌కి కూడా ఒక చొక్కా ఉండేది. ఆవిడ మనసు చాలా మరిచిపోయింది కానీ వేళ్లు ఏదీ మరిచిపోలేదు. ఇంట్లోకి కొత్తగా వచ్చిన పెట్టె ఒంటి మీద ఏమీ లేకుండా కూర్చుంటే ఆవిడ ఊరుకుంటారా? వారం రోజులు కూర్చుని, మెరూన్ రంగు దారంతో, నాలుగువైపులా అతుక్కునేలా ఒక దట్టమైన కవరు అల్లి తొడిగారు. వేడి వదలాల్సిన గాట్లన్నీ దాని కింద మూసుకుపోయాయి.

ఇక్కడ మండువేసవి అయిన జనవరిలో ఒకరోజు నలభై రెండు డిగ్రీలు దాటింది. గాలి కదలటం లేదు, మాగ్‌పై పిట్టలు నోళ్లు తెరుచుకుని నీడలో కూర్చున్నాయి. మూడుంపావుకి అంకుల్ ఫోన్ చేశారు. నేను ఇంటి నుంచి పని చేస్తున్నాను కాబట్టి పరుగున వెళ్లాను. పెట్టె వేడెక్కి ఆగిపోయింది. అక్క మాట్లాడుతూ మాట్లాడుతూ తెర మీద బిగుసుకుపోయి మాయమైంది. ఆంటీ గదిలో అటూ ఇటూ తిరుగుతున్నారు. "అక్క అలిగింది. నేనేదో అన్నాను. ఏమన్నానో గుర్తు రావట్లా." నేను అలమర దగ్గరికి వెళ్లి కవరు ముట్టుకుంటే చెయ్యి కాలింది. దాన్ని లాగి పారేసి, "దీన్ని కప్పకూడదు ఆంటీ! ఎవరు కప్పమన్నారు?" అని అరిచాను.

అరిచానన్నది నిజం. ఆవిడ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ నాతో ఉంది. కోపం లేదు అందులో. మళ్లీ ఏదో తప్పు చేశానన్న బెదురు, ఆ శుక్రవారం సాయంత్రం ఆవిడ ముఖంలో నేను చూసినదే. ఆ ఫోన్‌లో అరిచినవాడికీ నాకూ ఆ క్షణాన తేడా ఏముందో నాకు కనబడలేదు.

అంకుల్ నన్ను పెరట్లోకి తీసుకెళ్లారు. తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"కొనేముందు ఏమేం రాసుకున్నాం మనం?" అని అడిగారు.

"చప్పుడు ఉండకూడదు, చిన్నదై ఉండాలి, రెండు పోర్టులు, తక్కువ కరెంటు..."

"ఈ ఇంట్లో దేని మీదన్నా గుడ్డ పడుద్ది. అది రాసుకున్నామా?"

"లేదు అంకుల్."

"నేను నలభై ఏళ్లుగా చూస్తన్నా, నేనే రాయలా. మరి తప్పు ఎవరిది? అల్లినామెదా?" అని, షెడ్డులోంచి పాత మామిడిపళ్ల పెట్టె ఒకటి బయటికి తీశారు. ఆ ఎండలోనే దాని చెక్కలు కోసి, పెట్టె చుట్టూ నాలుగు వేళ్ల ఎడం ఉండేలా ఒక చట్రం చేశారు. పైన చెక్క, పక్కలన్నీ ఖాళీ. కవరు ఆ చట్రం నెత్తిన ఉంటుంది, గాలి కింద నుంచి పోతుంది. నేను మేకులు అందించాను. ఏడుస్తూనే అందించాను. ఆయన చూసి కూడా చూడనట్టే ఉన్నారు.

లోపలికెళ్లి ఆంటీ కాళ్ల దగ్గర కూర్చున్నాను. "తప్పయిపోయింది ఆంటీ" అన్నాను. ఆవిడ నా తల మీద చెయ్యి వేసి, కొంచెం ఆలోచించి, "మెరూన్ నచ్చలేదామ్మా? నీలం వేస్తాలే" అన్నారు.

ఆ మర్నాడు పెట్టె ఎప్పుడు ఆగిందో తెలుసుకుందామని దాని రికార్డు తెరిచాను. ఏ పరికరం ఏ సైటుకు వెళ్లిందో అన్నీ అందులో వరుసగా ఉంటాయి. అక్కతో మాటలయ్యాక ఆంటీ టాబ్లెట్ రోజూ వెళ్లే చోట్లు కనబడ్డాయి. ఆంధ్రాలో బస్సు టికెట్లు అమ్మే సైట్లు, రైళ్ల వేళల సైట్లు, ఒక్కరోజు తప్పకుండా. ఆవిడ ఎక్కడికైనా వెళ్లిపోవాలని చూస్తున్నారేమో అని భయపడి, అంకుల్‌కి చెప్పేశాను. గొప్ప సాయం చేస్తున్నాననే అనుకున్నాను.

ఆయన టీ కప్పు కింద పెట్టారు. "చూసుకోనీయమ్మా. బస్సు ఎక్కకపోయినా టైము చూసుకోవచ్చుగా మనిషి." మళ్లీ అన్నారు, "ఇదే మాట రేపో మాపో ఆమే నాకు చెప్పేదేమో. ఇప్పుడు చెప్పినా, నేను కొత్తగా విన్నట్టు నటించాల. ఆ రాసుకునేది ఆపెయ్ అమ్మాయ్. కాపలావాడు వీధి వైపు చూడాల గానీ ఇంట్లోకి చూస్తే ఎట్టా?"

ఆపేశాను. దొంగలను ఆపేది ఆపుతూనే ఉంటుంది, ఇంట్లో వాళ్ల అడుగులు మాత్రం రాసుకోదు. అలా పెట్టటానికి నాకు రెండు నిమిషాలు పట్టింది. ఆ మాట అర్థం కావటానికి చాలా కాలం పట్టింది.

రెండేళ్ల తరువాత, చలికాలం చివర్లో, గులాబీ కొమ్మలు కత్తిరిస్తూ కత్తిరిస్తూ అంకుల్ తోటలోనే పోయారు. సమీనా వచ్చి ఆంటీని మెల్‌బోర్న్ శివారు క్లైడ్ నార్త్‌లో తన కొత్త ఇంటికి తీసుకెళ్లింది. నెల తిరక్కుండానే నాకు ఫోన్ చేసి రమ్మంది. అంకుల్ వాళ్ల ఇంట్లోని ఆ పెట్టెనే పట్టుకుని వెళ్లాను. అన్నీ కొత్త ఇళ్లు, ఇంకా నీడ రాని లేత చెట్లు, మైదానం మీదుగా గాలి. పెట్టె బిగించటం అయ్యాక సమీనా నన్ను డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టింది. ముందుగదిలో ఆంటీ టాబ్లెట్‌తో ఉన్నారు.

"అక్కా, దీంట్లో హిస్టరీ ఆన్ చెయ్యొచ్చు కదా? అమ్మీ ఆల్ డే ఏం చూస్తోందో నాకు తెలియాలి. ఐ యామ్ అట్ వర్క్. షి డజంట్ టెల్ మీ ఎనీథింగ్."

"మీ నాన్న ఆపేయమన్నారు సమీనా."

"డాడీ లేడు కదా. నేనే ఉన్నా." అంటూనే ఏడ్చేసింది. "షి వోంట్ టాక్ టు మి. ఏమైనా అయితే? ఏమైనా అయితే నేనేం చెయ్యాలి?"

న్యాయమైన మాటే. నా వేలు ల్యాప్‌టాప్ మీదే ఉంది. ఒక్కసారి నొక్కితే చాలు, ఆ పిల్ల ప్రశాంతంగా ఆఫీసుకు వెళ్తుంది. అంకుల్ ఉంటే ఏం చేసేవారో తెలుసు. కానీ తల్లిని ఎలా కాపాడుకోవాలో తెలియక నా ఎదురుగా ఏడుస్తున్నది ఆయన కూతురు. చివరికి, "ఒక్కసారి వెళ్లి ఆంటీనే అడుగు. చెప్పకపోతే అప్పుడు పెడతాను" అన్నాను. నిజంగా పెట్టేదాన్నే అనుకుంటాను.

సమీనా ముఖం తుడుచుకుని వెళ్లింది. కుర్చీ పక్కన కార్పెట్ మీద కూర్చుంది. "ఏం చూస్తున్నావ్ అమ్మీ?"

ఆంటీ తలెత్తి, కూతురి ముఖంలోకి కాసేపు చూశారు.

"ఇన్నాళ్లకి అడిగావు" అన్నారు.

టాబ్లెట్‌ని ఇద్దరికీ కనబడేలా పక్కకు తిప్పారు. ఆ తరువాత గంటసేపు, సగం తెలుగులో సగం ఉర్దూలో, ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, పెళ్లయిన కొత్తలో సమీనా వాళ్ల నాన్న ఏ స్టాండులో తన కోసం కాచుకుని నిలబడ్డాడో, అన్నీ చెప్పుకుంటూ పోయారు. సమీనా మధ్యమధ్యలో ఇంగ్లిష్‌లో ఏదో అడుగుతోంది. నేను ల్యాప్‌టాప్ మూసేసి, వాళ్లకు చెప్పకుండానే నా బూట్లు వేసుకున్నాను.

మా అమ్మాయికి ఇప్పుడు పదకొండేళ్లు. కొత్త పెట్టెలో ఆ రికార్డు ఎక్కడ ఆన్ చెయ్యాలో నాకు కళ్లు మూసుకున్నా తెలుసు. చెయ్యలేదు. దానికి బదులు, ఎప్పట్లాగే వెళ్లి పిల్ల మంచం అంచున కూర్చుని, ఏం చూస్తున్నావురా అని అడుగుతాను. కొన్ని రోజులు తెర నా వైపు తిప్పుతుంది. కొన్ని రోజులు "నథింగ్, మమ్" అని అటు తిరిగి పడుకుంటుంది. ఆ రోజుల్లో నాకు చాలా భయమేస్తుంది. లేచి ల్యాప్‌టాప్ దగ్గరికి వెళ్లిపోవాలనిపిస్తుంది. వెళ్లకుండా, ఇంకాసేపు అక్కడే కూర్చుంటాను.